కొత్త బండి మొహం బాగోలేదని బుకింగ్ రద్దు చేసుకోవాలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమలాపురం దగ్గర మీ ఊరు, రోజూ కాలవ గట్టు మీద రొయ్యల చెరువులకి వెళ్ళొస్తావు, అప్పుడప్పుడు స్నేహితులతో మారేడుమిల్లి వైపు రైడ్‌కి పోతావు. కొత్తగా వచ్చిన 400 సీసీ బండిని ఇంజను చూసి, ధర చూసి బుక్ చేశావు. తీరా ఫొటోలు బయటికొచ్చేసరికి మీ రైడర్ల గ్రూపు మొత్తం దాని మీద పడింది. డూమ్, అంటే హెడ్‌లైటు ఉండే ముందు భాగం, వెల్డింగ్ మాస్కులా ఉందని ఒకళ్ళు, ట్యాంకుకి గూని వచ్చిందని ఒకళ్ళు, నంబర్ ప్లేటు గాల్లో వేలాడుతోందని ఇంకొకళ్ళు. నాన్నగారు కూడా ఫొటో చూసి "ఇంత డబ్బు పెట్టి ఇదేం బండిరా" అన్నారు. బుకింగ్ రద్దు చేసుకోవాలా, అసలు కంపెనీలు బండ్లని ఇలా ఎందుకు గీస్తాయి, రేపు అమ్మబోతే ఎవరైనా కొంటారా అని నీ టెన్షన్.

నా మాట ముందే చెప్పేస్తాను. రద్దు చేయకు. అలాగని బండిని నీ కళ్ళతో చూడకుండా మిగతా డబ్బు కట్టకు. రావులపాలెంలో మా షెడ్డుకి జనం నవ్విన బండ్లూ వస్తాయి, ఎగబడి కొన్న బండ్లూ వస్తాయి, వాటిని విప్పి బిగించగా బిగించగా నాకు ఒక విషయం మీద గట్టి నమ్మకం కుదిరింది. బండిలో వికారం రెండు రకాలు. ఒకటి ఆ బండి చేసే పనిలోంచి వచ్చింది, ఇంకోటి పైన అతికించింది. మొదటిదానికి కన్ను అలవాటు పడుతుంది, కొన్నాళ్ళకి అదే ముద్దొస్తుంది కూడా. రెండోదానికి ఎన్నాళ్ళైనా అలవాటు పడదు, పైగా ఖర్చు పెట్టిస్తుంది. నీ బండి ఏ రకమో తేల్చుకో, అంతే. గ్రూపులో ఎంతమంది నవ్వారన్నది దానికి కొలత కాదు.

2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వచ్చినప్పుడు నీకు లైసెన్సు కూడా వచ్చి ఉండదు. బుల్లెట్‌ని ప్రాణంగా చూసుకునేవాళ్ళు, క్లాసిక్ ట్యాంకు తుడుచుకుని మురిసిపోయేవాళ్ళు దాన్ని చూసి మొహం చిట్లించారు. ట్యాంకుకి రెండు పక్కలా ఇనప రాడ్లు, ముందు సన్నగా, పొడుగ్గా 21 అంగుళాల చక్రం, డూమ్ మీద ఒక అద్దం ముక్క, సీటు వెనకాల ఇంకో రాక్, ఎక్కడా వంపు లేదు, మెరుపు లేదు. కానీ ఒక్కొక్క ముక్కనీ పట్టుకుని ఇది ఎందుకు అని అడిగితే దేనికదే జవాబు చెప్పేది. ఆ రాడ్లు పెట్రోలు క్యానో బ్యాగో కట్టుకోవడానికి, బండి పక్కకి ఒరిగితే ట్యాంకు సొట్ట పడకుండా ఉండటానికి. ఆ పెద్ద చక్రం గుంతలో దిగబడకుండా దాటడానికి. ఇంజను 411 సీసీ, నేలకీ బండికీ మధ్య 220 మిల్లీమీటర్ల ఎత్తు, అంత ఎత్తున్నా సీటు 800 మిల్లీమీటర్ల దగ్గరే ఆపారు, మామూలు ఎత్తున్న మనిషి కాళ్ళు నేలకి ఆనాలని. ఏ ముక్క పీకేసినా బండికి ఒక పని చేతకాకుండా పోతుంది. 2023 చివర్లో హిమాలయన్ 450 వచ్చాక, పాతదాని ఆకారమే బాగుండేదని మా షెడ్డు దగ్గర నిలబడి వాదించినవాళ్ళలో ఒకప్పుడు దాన్ని వెక్కిరించినవాళ్ళు కూడా ఉన్నారు.

దాని పక్కన 2017 నవంబరులో వచ్చిన సుజుకీ ఇంట్రూడర్ 150ని పెట్టి చూడు. లోపల ఉన్నది సుజుకీదే జిక్సర్ బండి ఇంజను, 155 సీసీ, నాకు చాలా ఇష్టమైన ఇంజను. పైన రూపం మాత్రం అదే కంపెనీ పెద్ద క్రూజర్ ఎం1800ఆర్ నుంచి తెచ్చారు. 1800 సీసీ ఇంజను చుట్టూ గీసిన ఆకారాన్ని 155 సీసీ బండికి తొడిగితే ఆ వెడల్పంతా నింపడానికి లోపల సామాను లేదు, అందుకని ఫైబర్‌తో నింపారు. రేడియేటర్ లేని బండికి ట్యాంకు పక్కన అంత లావు కవర్లు. సీటు తక్కువ ఎత్తులో, కూర్చోవడానికి హాయిగా ఉండేది, నడుం నొప్పి ఉన్న ఒకరిద్దరు ఇప్పటికీ దాన్ని వదల్లేదు, వాళ్ళ ఎంపికని నేను తప్పుపట్టను. కానీ బండి మాత్రం జనంలో నిలబడలేదు, కంపెనీ ఆపేసింది. నేను అతికించిన వికారం అంటున్నది ఇదే. కవర్లన్నీ విప్పి పక్కన పెట్టి నడిపినా బండి అలాగే నడుస్తుంది, ఏమీ తగ్గదు.

బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళకి అన్నిటికంటే బాధ కలిగించింది మాత్రం కరిజ్మా. 2003లో హీరో హోండా 223 సీసీ కరిజ్మా తెచ్చినప్పుడు భీమవరంలోనో కాకినాడలోనో కాలేజీ గేటు ముందు పసుపు రంగు కరిజ్మా ఆగిందంటే కుర్రాళ్ళు చుట్టూ చేరిపోయేవారు. 2009లో జెడ్ఎంఆర్ వచ్చింది, ఫుల్ ఫెయిరింగు అంటే ఒంటినంతా కప్పే కవర్లు, ఫ్యూయల్ ఇంజెక్షను, అదీ నచ్చింది. 2014లో అమెరికా వాళ్ళ ఎరిక్ బ్యూయెల్ రేసింగ్ సాయంతో రూపం మార్చారు, ఇంజను అదే, కాస్త బలం పెంచారు, మొహం మాత్రం పూర్తిగా వేరే. అప్పుడు వచ్చిన కోపం మామూలు కోపం కాదు. ఎవరికీ పట్టని బండి వికారంగా ఉంటే ఎవరూ నోరెత్తరు, చూసి వెళ్ళిపోతారు. తాము ప్రేమించిన పేరుని తీసుకెళ్ళి నచ్చని ఒంటికి తగిలిస్తేనే మనుషులు అంతలా రగిలిపోతారు. నేను ఆ కోపాన్ని గౌరవిస్తాను, అది సరదా వెక్కిరింపు కాదు. 2023లో కరిజ్మా ఎక్స్ఎంఆర్ పేరుతో 210 సీసీ బండి వస్తే అందరూ సీసీ తర్వాత, ముందు మొహం చూశారు, చూసి ఊపిరి పీల్చుకున్నారు.

అందుకే మీ గ్రూపులో ఎవరు తిడుతున్నారో చూసుకో. ఆ పేరు మీద వచ్చిన పాత మోడల్‌ని ఇంకా నడుపుతూ, చైన్ కిట్టు ఎప్పుడు మార్చాడో నోటికి చెప్పగలిగే మనిషి "ఇది తప్పు చేశారు" అంటే ఆగి విను, ఎక్కడ తప్పు అని అడుగు, అతను వేలు పెట్టి చూపిస్తాడు. ఏ కొత్త బండి వచ్చినా ఆర్ఎక్స్ 100 ముందు ఇవన్నీ ఎందుకనే మాట వేరు. ఆర్ఎక్స్ 100 అంటే నాకూ ప్రాణమే, కానీ అది 1985 నుంచి 1996 దాకా, అప్పటి రూల్సు కింద తయారైన టూ స్ట్రోక్ బండి. ఇప్పటి రూల్సు కోసం బండికి పెట్టాల్సిన సామాను దానికి లేదు.

ఆ సామాను సంగతి వివరంగా చెప్పాలి, కంపెనీలు ఇలా ఎందుకు గీస్తాయన్న నీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి బండికీ ఏబీఎస్ ఉండాలి, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు అది, అంటే చక్రం దగ్గర సెన్సారు, రింగు, ఎక్కడో ఒక మాడ్యూలు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అనే పొగ రూల్సు, పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టరు పెద్దదైంది, అందుకే చాలా బండ్లకి ఇంజను కింద పొట్టలాగా సైలెన్సరు డబ్బా కనిపిస్తుంది. వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్నైనా కప్పే గార్డు, ఇవి 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉన్నాయి. ఇటలీలోనో జపాన్‌లోనో గీసిన సన్నటి టెయిల్‌కి మన దగ్గర శారీ గార్డు, పొడుగు మడ్‌గార్డు తగిలించేసరికి ఆ గీత చెడుతుంది. అది డిజైనర్ చేతకానితనం అనలేం. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చుంటారు, ఆ గార్డు లేకపోతే జరిగేది ఏమిటో రోడ్డు మీద చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మిగతా సగం జవాబు ఎల్ఈడీ. బల్బు రోజుల్లో వెలుగుని ముందుకి తొయ్యడానికి పెద్ద గిన్నె కావాలి, అందుకని డూమ్ గుండ్రంగానో పలకగానో పెద్దగా ఉండేది, మొహం అంటే అదే. ఇప్పుడు అరచేతిలో పట్టే ప్రొజెక్టరు చాలు, దాన్ని ఎక్కడైనా బిగించొచ్చు. డిజైనర్‌కి చేతులు విప్పేశారు. అందరికంటే వేరుగా కనిపించాలన్న ఆరాటంలో కొందరు కళ్ళు చీల్చారు, కొందరు నొసటి మీద ఇంకో గీత పెట్టారు, కొందరు మధ్యలో ఖాళీ వదిలేసి దానికి ఫైబర్ చట్రం కట్టారు. ఇక్కడే పనికీ అతుకుకీ తేడా ఎక్కువ కనిపిస్తుంది. నీ బండి డూమ్ కూడా ఈ బాపతే, దాని గురించి కింద చెప్తాను.

పనిలోంచి వచ్చిన ఆకారాన్ని జనం ఎప్పటికైనా ఒప్పుకుంటారా అంటే, ఒప్పుకోని బండి కూడా ఒకటుంది, దాచిపెట్టడం న్యాయం కాదు. ఇటలీ కంపెనీ డుకాటి వాళ్ళ 916ని మాసిమో టాంబురిని గీశాడు, 1994లో రోడ్డెక్కింది, ప్రపంచంలో అందమైన బండ్ల పేర్లు చెప్పమంటే ఇప్పటికీ చాలామంది ముందు దాని పేరే చెబుతారు. దాని కుటుంబం తర్వాత 2003 మోడలుగా 999 వచ్చింది, గీసింది పియర్ టెర్‌బ్లాంష్. పక్కపక్కన ఉండే హెడ్‌లైట్లని ఒకదాని మీద ఒకటి పెట్టాడు, వెనక చక్రాన్ని ఒక వైపు నుంచే పట్టుకునే స్వింగ్ ఆర్మ్ తీసేసి రెండు వైపులా పట్టుకునేది పెట్టాడు. 2003, 2004, 2006 వరల్డ్ సూపర్‌బైక్ రేసుల టైటిళ్ళు ఆ బండి మీదే గెలిచారు. అయినా అభిమానుల మనసు కరగలేదు. 2007లో వచ్చిన 1098కి మళ్ళీ పక్కపక్క లైట్లు, మళ్ళీ ఒంటి స్వింగ్ ఆర్మ్. ఆ టెర్‌బ్లాంష్ తర్వాత కొన్నాళ్ళు మన రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో కూడా పనిచేశాడు.

ఇప్పుడు ఇంకోటి చూడు. అదే 2007లో మన దేశంలో బజాజ్ పల్సర్ 220 వచ్చింది. దానికీ లైట్లు ఒకదాని మీద ఒకటే! మన కుర్రాళ్ళు ఆ మొహాన్ని నెత్తిన పెట్టుకున్నారు, 2022లో కంపెనీ ఆపేస్తే జనం అడగ్గా అడగ్గా 2023లో మళ్ళీ తెచ్చింది. ఇటలీలో తప్పు అనిపించిన అమరిక తణుకులో, పాలకొల్లులో ఎందుకు ఒప్పు అయ్యిందంటే, 999 ముందు 916 ఉంది, 220 ముందు దాని పోలికకి నిలబెట్టే అలాంటి బండి ఏదీ లేదు. జనం ఎప్పుడూ బండిని ఒంటరిగా చూడరు, దాని వెనక ఉన్నదాంతో కలిపి చూస్తారు. నీ బండి కొత్త పేరుతో వచ్చింది, పాత అభిమానుల బరువు దాని మీద లేదు, ఆ మేరకి నువ్వు నిశ్చింతగా ఉండొచ్చు.

కన్ను మారుతుందనడానికి ఇంకో రెండు మాటలు. బీఎండబ్ల్యూ ఎస్1000ఆర్ఆర్ 2009లో రెండు కళ్ళు రెండు రకాలుగా పెట్టుకుని వస్తే మెల్లకన్ను అన్నారు, 2019 మోడల్లో రెండూ ఒకే రకంగా చేస్తే ఆ పాత కళ్ళే బాగుండేవన్నారు. 1988లో సుజుకీ డీఆర్ బిగ్‌కి ముందు పొడుచుకొచ్చిన ముక్కు ఇవాళ చాలా అడ్వెంచర్ బండ్లకి ఉంది.

సరే, నీ బండి దగ్గరికి వద్దాం. ఫొటో చూసి తీర్పు చెప్పకు, ముఖ్యంగా ఫోనుతో దగ్గరగా ముందు నుంచి తీసిన ఫొటో. ఫోను లెన్సుకి ఏది దగ్గరుంటే అది ఉబ్బుతుంది, వెనకున్నది చిక్కిపోతుంది, అందుకే నీ ఫొటోలో డూమ్ అంత పెద్దగా, టెయిల్ అంత బక్కగా కనిపిస్తోంది. షోరూముకి వెళ్ళి పది పదిహేను అడుగుల దూరంలో పక్క నుంచి చూడు, తర్వాత మనిషిని కూర్చోబెట్టి చూడు. చాలా బండ్లు మనిషి ఎక్కితేనే కుదురుతాయి, ఆ గూని ట్యాంకు కూడా మోకాళ్ళు ఆనడానికి చెక్కిందే అయితే ఎక్కగానే నీకే తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఒంగి ముందు చక్రం చూడు. మన డెల్టాలో బండికి అసలు పరీక్ష అక్కడే. వానాకాలం ముమ్మిడివరం వైపు నుంచి ఒక కుర్రాడు బండిని ఆటోలో వేసుకొచ్చాడు, చక్రం తిరగడం లేదు. కంపెనీ పేరు చెప్పను, అందరూ మెచ్చుకున్న మొహం దాన్ది, చక్రాన్ని హత్తుకుని ఉండే నున్నటి మడ్‌గార్డు, ఫొటోలో ముచ్చటగా ఉంటుంది. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య వేలు దూరే సందు లేదు. ఆ సందులో గట్టు మీది రేగడి మట్టి, ఎండుగడ్డి, కొబ్బరి పీచు కలిసి గట్టిపడిపోయాయి. స్క్రూ డ్రైవర్‌తో పొడిచి పొడిచి, నీళ్ళు కొట్టి, మళ్ళీ పొడిచి తీశాం. లోపల ఏబీఎస్ రింగు పళ్ళ మధ్య కూడా మట్టే, మీటరులో ఏబీఎస్ లైటు ఆరకపోవడానికి కారణం అదే. అదే రోజు పక్కన ఇంకో బండి ఉంది, మడ్‌గార్డు పైకెక్కి ముక్కులా ఉన్నది, దాన్ని చూసి నవ్వేవారు. దాని చక్రం హాయిగా తిరుగుతోంది. అయితే ముక్కు బండ్లతో ఇంకో చిక్కు ఉంది, మట్టి నిలవదు గానీ ఎగిరి రేడియేటర్ మీద పడుతుంది, ఎండితే రెక్కల సందులు మూసుకుపోయి బండి వేడెక్కుతుంది. రేడియేటర్‌కి జాలీ ఉందో లేదో చూడు, లేకపోతే వేయించు, వాటర్ సర్వీసింగ్‌లో గన్నుతో దగ్గర నుంచి కొట్టనివ్వకు, రెక్కలు వంగిపోతాయి.

డూమ్ ఎలా ఉందన్నది పక్కన పెట్టి, వెలుగు ఎలా ఉందో చూడు, అదీ చీకటి పడ్డాక. మన గట్టు రోడ్లకి రెయిలింగు ఉండదు, ఒక పక్క కాలవ, ఒక పక్క చేను. నేరుగా దూరం పడే వెలుగు కంటే రోడ్డు అంచులు కనిపించే వెలుగు మనకి ముఖ్యం. కొన్ని ప్రొజెక్టరు లైట్లు ఎదర గీత గీసినట్టు వెలుగు వేసి పక్కలు చీకటిగా వదిలేస్తాయి, మలుపు తిరిగేటప్పుడు అంచు కనపడదు. ఇంకోటి, డూమ్ ఫ్రేముకి బిగించిన బండికి హ్యాండిల్ తిప్పినా లైటు తిరగదు. పాత హిమాలయన్ అలాగే ఉండేది, 2022లో వచ్చిన స్క్రామ్ 411కి హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది. రాత్రి చెరువు గట్టు మీద బండి వెనక్కి తిప్పుకోవాల్సిన నీకు ఈ తేడా రోజూ తెలుస్తుంది. ఆ వెల్డింగ్ మాస్కు వెలుగుని రెండు అంచులకీ పంచుతోందంటే, తమ్ముడూ, ఆ మాస్కుని నేను మెచ్చుకుంటాను.

వెనకాల కూడా చూడు. టెయిల్ ఎంత పొట్టిగా ఉంటే వెనక కూర్చున్నవాళ్ళ వీపు మీద అంత బురద. సీటు రెండు ముక్కలుగా చీలి వెనకది మెట్టులా పైకి లేస్తే మేత బస్తా వేసుకోలేవు, అమ్మని గుడికి తీసుకెళ్ళలేవు. నీ బండి నంబర్ ప్లేటు చక్రం వెనకాల పొడుగ్గా వేలాడుతోందని నవ్వారు కదా, ఆ చెయ్యికి మడ్‌గార్డు కూడా కలిసి ఉంటే అది బురద ఆపడానికే, ఉండనీ. చాలామంది బండి రాగానే దాన్ని కోసేసి టెయిల్ టైడీ అంటూ చిన్న రేకు వేయిస్తారు, మన ఊళ్ళల్లో ఆ పని చేయించుకోకు. బజాజ్ ఫ్రీడమ్ 125 సీటు పొడుగు చూసి బల్లలా ఉందని కొందరు అనడం విన్నాను, 2024 జులైలో వచ్చిన ఆ బండికి సీటు కింద 2 కిలోల సీఎన్‌జీ సిలిండర్ ఉంది, అందుకే ఆ 785 మిల్లీమీటర్ల సీటు. ఆ పొడుగు వల్ల ముగ్గురు మనుషుల కుటుంబాలు, సరుకు వేసుకునేవాళ్ళు ఎంత సుఖపడుతున్నారో నేను చూస్తున్నాను.

ఉప్పుగాలి సంగతి ఒక్క మాట. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్లకి, ఉప్పునీటి చెరువుల దగ్గర నిలబెట్టే బండ్లకి బయటికి కనిపించే ప్రతి బోల్టూ తుప్పు పడుతుంది. అందం కోసం గొట్టాలు, బోల్టులు బయటపెట్టిన డిజైన్ అయితే నీకు నెలనెలా తుడిచే పని ఉంటుంది, అది తెలిసి తీసుకో.

అమ్మకం గురించి అడిగావు. నిజమే, జనానికి నచ్చని మొహం ఉన్న బండికి సెకండ్ హ్యాండ్‌లో ధర తగ్గుతుంది, బేరం మొహంతోనే మొదలవుతుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది అది కాదు, సామాను. ఒక డిజైన్ ఆడకపోతే కంపెనీ రెండు మూడేళ్ళలో మొహం మార్చేస్తుంది, ఇంజను సామాను దొరుకుతూనే ఉంటుంది, పాత డూమ్, పాత ఫైబర్లు మాత్రం ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. ఎల్ఈడీ డూమ్ అయితే లోపల చిన్న ముక్క పాడైనా చాలా బండ్లకి మొత్తం యూనిట్ మార్చాల్సిందే, బల్బు రోజుల్లో లాగా కొట్లో బల్బు కొనుక్కుని వేసుకునే వీలు లేదు. కాబట్టి డబ్బు కట్టే ముందు షోరూములో స్పేర్ పార్ట్స్ కౌంటర్‌కి వెళ్ళి డూమ్ యూనిట్ ధర, ట్యాంకు పక్క కవర్ల ధర అడుగు. చెప్పలేకపోతే ఇంకా సామాను రాలేదని అర్థం, కొన్ని నెలలు ఆగడం మంచిది. అలాగే ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు మార్చాలంటే ఎన్ని కవర్లు విప్పాలో మెకానిక్‌ని అడుగు. కవర్లు విప్పిన ప్రతిసారీ ఒక క్లిప్పు విరుగుతుంది, రెండేళ్ళకి గట్టు మీద బండి గలగలలాడుతుంది. అతికించిన వికారం ఖర్చు పెట్టిస్తుందని పైన అన్నది దీని గురించే.

నాన్నగారిని టెస్ట్ రైడ్‌కి వెంట తీసుకెళ్ళు, వెనక కూర్చోబెట్టు. ఆయనకి మొహం నచ్చదు, నచ్చకపోనీ, సీటు మీద ఆయన దిగీ ఎక్కీ చూస్తే ఆయన అడిగే ప్రశ్నలు మీ గ్రూపు మొత్తం అడిగేవాటికంటే పనికొస్తాయి. మడ్‌గార్డు సందు, రాత్రి వెలుగు, వెనక సీటు, డూమ్ ధర, ఈ నాలుగూ కుదిరితే తీసుకో, ఎవరు నవ్వినా నవ్వనీ. మడ్‌గార్డు సందు గానీ వెలుగు గానీ కుదరకపోతే మాత్రం ఎంత మంచి ఇంజనైనా మన గట్టు రోడ్డుకి వద్దు, బుకింగ్ డబ్బు వెనక్కి తీసుకో. చూసొచ్చాక ముందు చక్రం దగ్గర ఒంగి, మడ్‌గార్డు లోపలి వైపు ఒక ఫొటో తీసి పెట్టు, వానాకాలానికి ఏం చేయించాలో అది చూసి చెప్తాను.